నవ్వకూడని చోట నవ్వు తన్నుకొస్తే: ఏ ఉపాయం ఎక్కడ పనికొస్తుంది

పరామర్శకు వెళ్ళిన ఇంట్లో, మేనేజరు చీవాట్లు పెడుతున్న గదిలో, సంతాప సభలో రెండు నిమిషాల మౌనం మధ్యలో కిసుక్కున నవ్వొచ్చేవాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళకు దొరికే సలహాలకూ కొదవ లేదు: బుగ్గ కొరుక్కో, ఊపిరి బిగబట్టు, విషాదమేదైనా తలుచుకో, దగ్గినట్టు నటించు, లేచి బయటికి పో. వీటిలో కొన్ని బాగా పనిచేస్తాయి. కొన్ని మూడు సెకన్లు ఆపి, నాలుగో సెకనులో అంతకు రెట్టింపు నవ్వు బయటపెడతాయి. ఏది వాడాలో తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. నవ్వు ఇంకా లోపలే ఉందా, పెదవుల దాకా వచ్చిందా, బయటపడిపోయిందా? ఆ చోటు నుంచి లేచి వెళ్ళే వీలు మీకుందా?

అది ఏ నవ్వు?

బయటికి ఒకేలా వినిపించినా లోపల నాలుగు రకాలు. ఒకదాని ఉపాయం ఇంకోదానికి సరిగ్గా పట్టదు.

మొదటిది కంగారు నవ్వు. భయం, సిగ్గు, దుఃఖం, ఏం మాట్లాడాలో తోచకపోవడం, వీటిలో ఏది హద్దు మీరినా ముఖం నవ్వులోకి జారిపోతుంది. లోపల సరదా అన్నది ఉండదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగం ఇందుకు గట్టి సాక్ష్యం. పక్కగదిలో ఉన్న మనిషికి కరెంటు షాక్ ఇస్తున్నామని నమ్మిన 40 మంది మగవాళ్ళలో 14 మంది కంగారు నవ్వు నవ్వారని 1963లో అచ్చయిన ఆయన వ్యాసం చెబుతుంది. ఆ నవ్వుకు అర్థం ఎదుటివాడి బాధ తమకు సరదా అని కాదని తర్వాత వాళ్ళే పనిగట్టుకుని చెప్పుకున్నారు.

రెండోది నిజంగానే నవ్వొచ్చే సంగతి తప్పు సమయంలో ఎదురుకావడం. చావు ఇంట్లో ఎవరి ఫోనో మాస్ పాటతో మోగుతుంది, మైకు ముందు పెద్దాయన చనిపోయినవారి పేరు బదులు బతికున్నవారి పేరు చదివేస్తారు. మూడోది అంటు నవ్వు: మీకు నవ్వు రాలేదు, పక్కన మరదలి భుజాలు కదులుతున్నాయి, అంతే. నవ్వు మీద చాలా ఏళ్ళు పనిచేసిన రాబర్ట్ ప్రొవైన్ లెక్కలో మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు నవ్వడం దాదాపు 30 రెట్లు ఎక్కువ. నాలుగోది జబ్బు వల్ల వచ్చేది. దాని దారి పూర్తిగా వేరు కాబట్టి చివర్లో విడిగా చూద్దాం.

నవ్వు, చిరునవ్వు ఒకే సమస్య కాదని కూడా గుర్తుంచుకోవాలి. నవ్వు ఊపిరితో నడుస్తుంది, చిరునవ్వు పెదవి కొసలతో నడుస్తుంది. చీవాట్లు తింటున్నప్పుడు "ఏంటా ఇకిలింపు?" అనిపించుకునేవాళ్ళు ఊపిరి కసరత్తులు ఎన్ని చేసినా ముఖం మారదు. వాళ్ళు సరిచేసుకోవాల్సింది పెదవిని.

"నవ్వకూడదు" అని గట్టిగా అనుకుంటే సరిపోదా? సరిపోదు. మనం కావాలని తెచ్చుకునే నవ్వుకూ, దానంతటదే వచ్చే నవ్వుకూ మెదడులో దారులు వేరు. పక్షవాతం వచ్చినవారిలో కొందరు "ఏదీ, ఒకసారి నవ్వండి" అంటే ఒకవైపు పెదవి కదపలేరు, మనవడి అల్లరి చూసి మాత్రం రెండువైపులా నవ్వుతారు. ఒక దారిలో పంపిన ఆజ్ఞ రెండో దారిలో వస్తున్నదాన్ని నేరుగా ఆపలేదు. అందుకే పనిచేసే ఉపాయాలన్నీ నవ్వును ఆపడం మానేసి, దానికి కావలసిన కండరాలనో గాలినో చూపునో వేరే పనిలో పెడతాయి.

సెకన్లే ఉన్నప్పుడు

నవ్వంటే శరీరం దృష్టిలో బయటికి వదిలే ఊపిరిని ముక్కలు ముక్కలుగా కొట్టడం. ఛాతీకీ కడుపుకూ మధ్య ఉండే డయాఫ్రం అనే కండరం, పక్కటెముకల మధ్య కండరాలు కలిసి ఈ పని చేస్తాయి. కాబట్టి అదే ఊపిరిని తెగకుండా, సన్నగా, ముక్కులోంచి బయటికి నడిపిస్తే ఆ కండరాలకు వేరే పని దొరుకుతుంది. పద్ధతి ఇది: కడుపులో కదలిక మొదలైన క్షణాన గాలి పీల్చకండి, ఉన్న గాలినే 6 సెకన్ల పాటు ముక్కుతో వదలండి. తర్వాత 4 సెకన్లు నెమ్మదిగా పీల్చండి. ఇలా నాలుగైదు సార్లు. అంటే నిమిషంలోపు వ్యవహారం. ఎవరికీ కనిపించదు, చేతులు కదపనక్కర్లేదు, నిలబడి ఉన్నా కూర్చున్నా ఒకటే.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. మొదటిది గుండెల నిండా గబుక్కున గాలి పీల్చి మొదలుపెట్టడం. ఆ పీల్పు చప్పుడే పదిమందిని తిప్పి చూసేలా చేస్తుంది, పైగా నవ్వుకు కావలసినంత గాలి మీరే అందించినట్టవుతుంది. రెండోది, లోతుగా వేగంగా పీల్చి వదులుతూ పోవడం. రెండు నిమిషాల్లో తల తిరుగుతుంది, వేళ్ళ చివరలు తిమ్మిరెక్కుతాయి.

ఊపిరి బిగబట్టడం మాత్రం వద్దు. అందరూ మొదట చేసేది ఇదే, అన్నిటికంటే ఎక్కువ విఫలమయ్యేదీ ఇదే. ఛాతీలో ఒత్తిడి పెరుగుతూ పోతుంది, చివరికి మూసిన పెదవుల సందులోంచో ముక్కులోంచో గాలి ఒక్కసారిగా తన్నుకొస్తుంది. మామూలుగా నవ్వితే అంత చప్పుడు ఉండేది కాదు.

పెదవి పట్టు చిరునవ్వుకు మందు. పెదవి కొసలను పైకి, పక్కకు లాగే కండరాన్ని ఎదుర్కోవాలి. "ఈ" అని పలికితే కొసలు సాగుతాయి, "ఊ" అంటే ముందుకు గుండ్రంగా వస్తాయి. నోరు మూసుకునే, శబ్దం లేకుండా, "ఊ" అనబోతున్నట్టు పెదవులను ఒక పిసరు ముందుకు తేవాలి. నాలుకను పై పళ్ళ వెనక అంగిలికి గట్టిగా ఆనించాలి. పై పళ్ళు, కింది పళ్ళు ఒకదానికొకటి తగలకూడదు. కనుబొమలు కాస్త దగ్గరికి తెస్తే ముఖం శ్రద్ధగా వింటున్నట్టు కనిపిస్తుంది. ఇందులో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, పెదవులను లోపలికి మడిచి బిగించడంలో. అలా బిగిస్తే బుగ్గల్లో సొట్టలు పడి, నవ్వు ఆపుకుంటున్నాడని దూరం నుంచే తెలిసిపోతుంది.

ఈ పట్టు అక్కడికక్కడ కుదరదు, ముందే అలవాటు చేసుకోవాలి. ఫోన్ ముందు కెమెరా తెరిచి, నవ్వు తెప్పించే వీడియో ఏదైనా పక్కన పెట్టుకుని, నవ్వు మొదలవగానే పట్టు వేసి ఒక నిమిషం నిలపడం సాధన. రోజుకు ఐదారు సార్లు, రెండు వారాలు చేస్తే ముఖానికి దారి తెలుస్తుంది. అప్రయత్నంగా వచ్చే కదలికకు ఎదురు కదలికను నేర్పడమన్న ఈ పద్ధతిని అజ్రిన్, నన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో గోళ్ళు కొరకడం, ముఖం అదరడం వంటి అలవాట్ల కోసం రూపొందించారు. చిరునవ్వుకు దాన్ని తెచ్చుకోవడంలో తప్పేం లేదు.

ఇక నొప్పి. బుగ్గ లోపలివైపు కొరుక్కోవడం, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండను గిల్లుకోవడం, చెప్పులో కాలి వేళ్ళు బిగించడం. నొప్పి దృష్టిని మళ్ళిస్తుంది నిజమే, కానీ ఐదు పది సెకన్లకు ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది, ఇంకా గట్టిగా గిల్లాల్సి వస్తుంది. బుగ్గ కొరికితే తర్వాత పుండు పడుతుంది, వారం పాటు కారం తినలేరు. నాలుక చివర కొరకడం అంతకంటే ప్రమాదం: సరిగ్గా అప్పుడే నవ్వు బద్దలైతే పళ్ళు దిగుతాయి. మూడింటిలో కాలి వేళ్ళు బిగించడమే నయం, దెబ్బ తగలదు, కనిపించదు. ఊపిరి అందుకునే లోపు రెండు మూడు సెకన్లు కొనుక్కోవడానికి తప్ప, నొప్పిని అసలు ఉపాయంగా పెట్టుకోవద్దు.

మనసును ఎటు మళ్ళించాలి

కోతిని తలుచుకోకుండా మందు తాగమన్న కథ మనకు తెలిసిందే. అమెరికా మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1987లో దాన్నే ప్రయోగంగా చేసి చూపించారు. ఆయన కోతి బదులు తెల్ల ఎలుగుబంటిని తీసుకున్నారు. తలుచుకోవద్దని చెప్పినవాళ్ళకు అది గుర్తొస్తూనే ఉంది, ఆంక్ష ఎత్తేశాక మరీ ఎక్కువైంది. "ఆ రింగ్‌టోన్ గురించి ఆలోచించకూడదు" అనుకోవడం ఈ పనే. తలకు వద్దన్నది కాక వేరే పని ఇవ్వాలి.

దానికి లెక్కలు మంచివి. 100 నుంచి ఏడేడు తీసేస్తూ పోండి: 93, 86, 79, 72. అది సులువనిపిస్తే పదిహేడో ఎక్కం కింది నుంచి: 170, 153, 136, 119. లెక్క కాస్త కష్టంగానే ఉండాలి. నోటికి వచ్చిన శ్లోకమో పాటో అయితే నాలుక దానిపాటికది నడుస్తుంది, తల ఖాళీగానే ఉండి మళ్ళీ నవ్వు దగ్గరికి పోతుంది.

విషాదం తలుచుకోవడం చాలామంది చెప్పేదే కానీ దానికి తగినంత వ్యవధి కావాలి, మూడు సెకన్లలో ఎవరూ దుఃఖంలోకి దిగలేరు. కంగారు నవ్వు ఉన్నవారిలో అది ఇంకా భారం పెంచి నవ్వునే పెంచవచ్చు. కంగారు నవ్వుకు దానికంటే మేలైనది లోపల పేరు పెట్టుకోవడం: "నాకు భయమేస్తోంది", "ఈవిడ ఏడుపు చూడలేకపోతున్నాను" అని మనసులో స్పష్టంగా ఒక వాక్యం అనుకోవడం. నవ్వు వెనకున్న అసలు భావం అదే కాబట్టి దాని పేరుతో పిలిస్తే ముఖం కూడా దారికొస్తుంది. సరదా నవ్వుకు ఇది పనిచేయదు. దానికి లెక్కలే.

ముఖం మాత్రమే బిగించి లోపల ఉడికిపోవడాన్ని లెక్కలోకి తీసుకోవాలి. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో అచ్చు వేసిన అధ్యయనంలో సినిమా ముక్కలు చూస్తూ భావం బయటపెట్టవద్దన్నప్పుడు ముఖం కట్టడి అయింది గానీ గుండె, రక్తనాళాల మీద ఒత్తిడి పెరిగింది. ఒక నిమిషానికి ఫరవాలేదు. గంటసేపు సాగే సంతాప సభలో మొదటి నుంచీ ముఖం బిగించుకుని కూర్చుంటే నలభయ్యో నిమిషంలో పట్టు జారుతుంది.

చోటు, చూపు: అన్నిటికంటే చవక

అంటు నవ్వుకు ఇంతకు మించిన ఉపాయం లేదు, చేయాల్సిందల్లా వెళ్ళే ముందు ఆలోచించడమే. మీకు జోడీగా నవ్వేవాళ్ళెవరో మీకు తెలుసు. వాళ్ళకు ఎదురుగా కూర్చోవద్దు. పక్కపక్కన కూడా వద్దు, భుజం కదలిక తగులుతుంది. ఒకే వరసలో మధ్యలో ఇద్దరు ముగ్గురు ఉండేలా కూర్చుంటే ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. తప్పనిసరిగా ఎదురుగా దొరికితే చూపును వాళ్ళ ముఖం నుంచే కాదు, అందరి ముఖాల నుంచీ తప్పించి, మూడు నాలుగు అడుగుల దూరంలో నేల మీద ఒక బండ కొసనో చాప అంచునో పట్టుకోండి. పరామర్శ ఇంట్లో తల దించుకుని కూర్చోవడం సహజం, ఎవరూ ఏమీ అనుకోరు.

రెండో నియమం తలుపు దగ్గర కూర్చోవడం. ముందు వరస మధ్యలో ఇరుక్కుంటే లేచి వెళ్ళే అవకాశం పోతుంది. ఆ అవకాశం ఉందన్న ధీమాతోనే సగం నవ్వు తగ్గుతుందని ఈ బాధ పడేవాళ్ళు చెబుతారు. నమ్మదగ్గ మాటే.

ఆన్‌లైన్ మీటింగుల్లో ఇంకో చిక్కు ఉంది: తెర మీద మీ ముఖం మీకే కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారు, కంగారు చూసి నవ్వు. మీ చిత్రం మీకు కనిపించకుండా చేసే సెట్టింగు జూమ్‌లోనూ టీమ్స్‌లోనూ ఉంది, వాడండి. నవ్వు రాగానే కెమెరా ఆపేయడం కంటే ఇది మేలు. చీవాట్లు తింటున్నప్పుడు ఉన్నట్టుండి కెమెరా ఆరిపోతే ఎవరికైనా అర్థమవుతుంది.

దాచాలా, లేవాలా

దగ్గు ఒక్కసారికి మంచి ముసుగు. దగ్గూ నవ్వూ రెండూ గాలిని తన్నేవే కాబట్టి బయటపడిన మొదటి "హు" శబ్దాన్ని దగ్గులోకి తిప్పడం తేలిక. రెండు దగ్గులు, ఆపై ముక్కుతో సన్నటి ఊపిరి. ఐదు దగ్గులైతే ఎవరో ఒకరు నీళ్ళ గ్లాసు తెచ్చి ముఖంలో ముఖం పెట్టి చూస్తారు. నీళ్ళ సంగతి జాగ్రత్త: నవ్వు పెదవుల దగ్గర ఉండగా నోట్లో నీళ్ళు పోసుకుంటే ముక్కులోకి వస్తాయి, లేదా పొలమారుతుంది. గుక్క తాగాలంటే నవ్వు రాకముందే, నెమ్మదిగా.

కొంగు, తువ్వాలు, కర్చీఫ్ పరామర్శ ఇంట్లో బాగా ఆదుకుంటాయి. ముఖం కప్పుకుని భుజాలు కదిలితే చూసేవాళ్ళు ఏడుపే అనుకుంటారు. ఇందులో ఒక ముప్పు ఉంది: ఎవరో పెద్దమ్మ దగ్గరికొచ్చి వీపు నిమురుతూ "ఊరుకో అమ్మా" అంటే అప్పుడు నవ్వు ఆగడం దేవుడి తరం కూడా కాదు. కాబట్టి కప్పుకోవడం పది సెకన్లకే. ఆ పదిలో తగ్గలేదంటే లేవాలి.

లేవడానికి ఒక కొలత పెట్టుకోండి: పొడుగు ఊపిరి రెండుసార్లు వదిలాక కూడా కడుపు కదులుతూనే ఉంటే మూడోసారి ప్రయత్నించకుండా లేచిపోవాలి. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, వాకిట్లోకో బాత్రూముకో నడవడమే. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వెళ్ళడం చావు ఇంట్లో మర్యాద కాదు, మాట్లాడకుండా తల దించుకుని వెళ్ళడమే నయం. బయట ఐదు నిమిషాలైనా ఆగండి. నవ్వు ఆగిందనుకున్న వెంటనే లోపలికొస్తే, ఆ గడప, ఆ ముఖాలు చూడగానే మళ్ళీ మొదలవుతుంది. తిరిగి వచ్చాక పాత చోట కూర్చోవద్దు.

బయటపడిపోయాక

శ్రీరాముడి కొలువులో లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్విన కథ తెలుగువాళ్ళకు తెలుసు. పద్నాలుగేళ్ళు దూరం పెట్టిన నిద్రాదేవి ఆ రోజే వచ్చి నిలబడిందని ఆయన నవ్వితే, కొలువులో ఉన్న ఒక్కొక్కరూ తమలోని తప్పు తలుచుకుని తమను చూసే నవ్వాడనుకున్నారు. అసందర్భపు నవ్వులో దెబ్బ తగిలేది ఇక్కడే. ఎదుటివాళ్ళు "నన్ను చూసే" అనుకుంటారు. కాబట్టి బయటపడ్డాక చేయాల్సిన పని ఆ అనుమానం తీర్చడం. నవ్వును ఇంకా దాచాలని చూస్తే అది బలపడుతుంది.

చెప్పాల్సింది మూడు ముక్కలు: క్షమించమనడం, నాకిలా ఎందుకవుతుందో, మీ మాటకు కాదనడం. పది సెకన్లు దాటకూడదు. పెదవి స్థిమితపడ్డాకే నోరు విప్పాలి, నవ్వు ముఖంతో చెప్పే క్షమాపణ ఇంకో తప్పు అవుతుంది.

ఆఫీసులో: "క్షమించండి సార్. టెన్షన్ పడితే నా ముఖం నవ్వుతున్నట్టు అవుతుంది. మీరు చెప్పేది సీరియస్‌గానే వింటున్నాను."

దుఃఖంలో ఉన్న బంధువుతో: "పిన్నీ, ఏమనుకోకు. బాధ తట్టుకోలేకపోతే నాకిలా అయిపోతుంది. నీ మాటకు కాదు."

తెలంగాణ పల్లెలో పెద్దవారితో: "ఏమనుకోకుండ్రి పెద్దమ్మా, పానం బుగులైతే నాకు గిట్లనే నవ్వొస్తది. మిమ్ముల జూసి గాదు."

ఎదుట ఒక్కరే ఉంటే వెంటనే చెప్పాలి. పదిమందిలో అయితే అక్కడ చెప్పడం వల్ల గమనించనివాళ్ళు కూడా గమనిస్తారు, తర్వాత పక్కకు పిలిచి చెప్పాలి, ఆ రోజే. మరుసటి రోజు వాట్సాప్‌లో పెట్టే సందేశం బలహీనం, చదివేవారు తమకు తోచిన గొంతుతో చదువుకుంటారు. దూరమైతే ఫోన్ చేయండి. నవ్వొచ్చిన కారణం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వివరించవద్దు. "అదిగో, ఆయన ధోవతి జారబోయింది కదా" అని మొదలుపెడితే ఇద్దరిలో ఒకరు మళ్ళీ నవ్వుతారు, రెండోవారు జన్మలో మరిచిపోరు.

అసలు నవ్వు వస్తుందని ముందే తెలిసినవారికి ముందే చెప్పుకోవడం అన్ని ఉపాయాల్లోకీ బలమైనది. భార్యాభర్తల గొడవల్లో ఇది మరీ నిజం. వాదన మధ్యలో "నాకు కంగారుగా ఉండి నవ్వాను" అంటే ఎవరూ నమ్మరు. గొడవ లేని ఒక సాయంత్రం చెప్పి ఉంచితే నమ్ముతారు. కొత్త ఉద్యోగంలో నేరుగా మీ పైన ఉన్న ఒక్కరికి చెబితే చాలు, జట్టంతటికీ ప్రకటించనక్కర్లేదు.

ఎక్కడ ఏది

పరామర్శ, పెద్దకర్మ: తలుపు దగ్గర చోటు, నేల మీద చూపు, పొడుగు ఊపిరి, పది సెకన్లు కొంగు, ఆపై బయటికి. ఇక్కడ లేచి వెళ్ళడానికి ఏ శిక్షా లేదు కాబట్టి నొప్పీ దగ్గూ అనవసరం.

జాతీయ గీతం, మౌనం: లేవలేరు, కానీ వ్యవధి తెలుసు. జాతీయ గీతం సుమారు 52 సెకన్లు, అంటే 6 వదిలి 4 పీల్చే ఊపిరి ఐదుసార్లు. పాడుతూ ఉంటే ఇంకా తేలిక, ఊపిరి పాటలోకి పోతుంది. పెదవులు మాత్రమే కదుపుతూ నిలబడ్డవారికే నవ్వు ఎక్కువ. మౌనం కష్టమైనది. చూపు ఒకచోట, లెక్క తలలో.

ఇంటర్వ్యూ, చీవాట్లు, విచారణ: ఇక్కడ సమస్య చిరునవ్వు. పెదవి పట్టు, ఎదుటివారి కళ్ళలోకి కాకుండా కనుబొమల మధ్య చూపు, చేతిలో పెన్నూ కాగితమూ. వాళ్ళు చెప్పేది రాసుకోవడం తల దించడానికి గౌరవమైన సాకు. జారితే వెంటనే ఆ మూడు ముక్కలు.

చెడ్డ వార్త మీరే చెప్పాల్సి వచ్చినప్పుడు, అంటే నర్సులు, హెచ్ఆర్ వాళ్ళు, ఊళ్ళో మరణ వార్త ఫోన్‌లో అందించేవాళ్ళు: మొదటి రెండు వాక్యాలు రాసి పెట్టుకుని, పెద్దగా మూడు నాలుగు సార్లు చదివి వెళ్ళండి. కంగారు నవ్వు ఎక్కువగా వచ్చేది మాట దొరకని ఖాళీలో. మాట సిద్ధంగా ఉంటే ఆ ఖాళీ ఉండదు.

ఎవరో జారి పడితే నవ్వొచ్చిందా, మాటలతో పని లేదు. నవ్వుతూనే అయినా సరే ముందుకెళ్ళి చెయ్యందించండి. సాయం చేసిన చెయ్యి గుర్తుంటుంది.

పిల్లల సంగతి ఇక్కడే. తిడుతుంటే నవ్వే పిల్లవాడు చాలాసార్లు భయంతో నవ్వుతాడు, "ఇంకా నవ్వుతావా?" అని మళ్ళీ కొడితే భయం పెరిగి నవ్వూ పెరుగుతుంది. గొంతు తగ్గించి, మోకాళ్ళ మీద కూర్చుని, పది నిమిషాలు ఆగి మాట్లాడండి. నవ్వు దానంతటదే పోయి, చాలాసార్లు ఏడుపు వస్తుంది.

ఏడాదికొకసారి కాదు, ప్రతిసారీ అయితే

పై ఉపాయాలన్నీ అరుదుగా ఇబ్బంది పడేవారికి. నవ్వొస్తుందేమోనని పెళ్ళిళ్ళు, మీటింగులు, పరామర్శలు మానుకుంటున్నవారి విషయం వేరు. వాళ్ళకు కొంగు, కర్చీఫ్, దగ్గు ఎదురు తిరుగుతాయి: దాచాను కాబట్టే గట్టెక్కాను అన్న నమ్మకం ప్రతిసారీ గట్టిపడి భయాన్ని నిలబెడుతుంది. వాళ్ళకు సరైన ఎంపిక సైకాలజిస్టు దగ్గర సీబీటీ, అంటే ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స. నలుగురిలో భయానికి ఇది సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సిట్టింగులు సాగుతుంది. తప్పించుకుంటున్న సందర్భాలను చిన్నదాని నుంచి పెద్దదానికి మెట్లుగా పేర్చి, ముసుగు లేకుండా ఒక్కో మెట్టూ ఎక్కిస్తారు. ఎవరిని కలవాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

మాత్రల గురించి అడిగేవారికి: ప్రొప్రనలాల్ గుండె దడ, చేతుల వణుకు తగ్గిస్తుంది, నవ్వును నేరుగా ఆపదు. ఉబ్బసం ఉన్నవారు వాడకూడదు. డాక్టరు చెప్పకుండా ఎవరి దగ్గరో తీసుకుని వేసుకునే మందు కాదు. ధైర్యం కోసం ఒక పెగ్గు వేసుకుని వెళ్ళడం అన్నిటిలోకీ చెడ్డ ఎంపిక, మద్యం ముందు వదులు చేసేది మనిషి పట్టునే.

డాక్టరు చూడాల్సిన నవ్వు

పక్షవాతం, తలకు దెబ్బ, మల్టిపుల్ స్క్లెరోసిస్, మోటార్ న్యూరాన్ జబ్బు, పార్కిన్సన్స్ వంటివి వచ్చాక కొందరికి ఏ కారణమూ లేకుండా, లేదా చిన్న కారణానికే, ఆపలేనంత నవ్వు వస్తుంది. లోపల సంతోషం ఉండదు, నవ్వు మధ్యలోనే ఏడుపుగా మారవచ్చు. దీన్ని సూడోబల్బార్ అఫెక్ట్ అంటారు. ఇంట్లోవాళ్ళు మతి తప్పిందనో, పట్టింపు లేదనో అనుకుంటారు. న్యూరాలజిస్టు ఏడు ప్రశ్నల పట్టికతో అంచనా వేస్తారు, అందులో 13 లేదా ఆపైన మార్కులు వస్తే ఈ జబ్బు ఉండవచ్చని అనుమానిస్తారు. దీనికి మందులున్నాయి. డెక్స్‌ట్రోమెథార్ఫాన్, క్వినిడిన్ కలిపిన మాత్రకు అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలిన్, ఎమిట్రిప్టిలిన్ లాంటివి కూడా రాస్తారు, తరచుగా తక్కువ మోతాదులో. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ పొడి దగ్గు సిరప్‌లలో ఉంటుంది కదా అని ఆ సిరప్ తాగించవద్దు. క్వినిడిన్ తోడు లేకపోతే అది చాలామంది ఒంట్లో త్వరగా విరిగిపోతుంది, పైగా డిప్రెషన్ మాత్రలతో కలిస్తే ప్రమాదం. క్వినిడిన్ గుండె లయను మారుస్తుంది కాబట్టి ఈసీజీ చూశాకే మొదలుపెడతారు.

పసిపిల్లల్లో ఇంకోటి ఉంది. ఏమీ లేకుండా ఉన్నట్టుండి, ప్రతిసారీ ఒకే తీరులో, కొన్ని సెకన్ల నుంచి నిమిషంలోపు నవ్వి, ఆ సమయంలో పిలిస్తే సరిగా పలకకపోతే అది మూర్ఛలో ఒక రకం కావచ్చు. మెదడులో హైపోథాలమస్ దగ్గర పుట్టుకతో ఉన్న చిన్న గడ్డ దీనికి తరచుగా కనిపించే కారణం. మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే మామూలు ఈఈజీ పరీక్షలో ఏమీ తేలకపోవచ్చు, ఎంఆర్ఐ తీయాల్సి ఉంటుంది. డాక్టరు దగ్గర పిల్లవాడు ఆ సమయానికి నవ్వడు కాబట్టి ఇంట్లో వచ్చినప్పుడే ఫోన్‌లో వీడియో తీయండి: ముఖం, రెండు చేతులు కనిపించేలా, మొదలు నుంచి చివరిదాకా, మధ్యలో ఒకసారి పేరు పెట్టి పిలుస్తూ. అలాంటివి మూడు నాలుగు, ఒక్కోటీ వచ్చిన తేదీ, టైము రాసిన కాగితంతో సహా పిల్లల న్యూరాలజిస్టుకు చూపించాలి.